పెరుగన్నంతో బతకని ఫెర్రెట్

"ఇది మాంసం తప్ప ఇంకేదీ తిని బతకదు" అని ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పే సందర్భాలు వచ్చాయి, అప్పుడూ చెప్పలేదు. నేను మింగిన ఆ మాట వల్ల ఒక మూగప్రాణి పోయింది. దాన్ని బతికించిన మనిషి మీదే చంపిందన్న నింద పడింది.

ఫోన్లో వీడియోలు చూసి, ఫెర్రెట్ అనే ముంగిస లాంటి విదేశీ జంతువును కొనాలనుకునే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. నంద్యాలలో వాటిని చూసుకున్నవాణ్నని నా నంబరు ఎవరో ఒకరు ఇస్తుంటారు. వాళ్లు అడిగేది పంజరం ఎంత ఉండాలి, వాసన వస్తుందా, కరుస్తుందా అని. వాసన వస్తుంది. స్నానాలు ఎక్కువ చేయిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు కరుస్తుంది, ఓపిగ్గా చేతికి అలవాటు చేస్తే మానేస్తుంది. ఇవన్నీ తేలిక. తేలిక కానిది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు నంద్యాలలో ఒక పెంపుడు జంతువుల అంగడిలో పనిచేశాను. లవ్ బర్డ్స్, కుందేళ్లు, కుక్కపిల్లలు, వాటి తిండి, గొలుసులు నా వంతు. చేపల తొట్లు ఇంకొకాయన చూసేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ని. ఒక చలికాలం మా యజమాని బెంగళూరు పోయి ఒక బుట్టలో ఫెర్రెట్లు తెచ్చాడు. ముంగిస కంటే సన్నం, పొడుగు. కళ్ల చుట్టూ కాటుక చెరిగినట్టు నలుపు. సంతోషం వస్తే నోరు తెరిచి, వీపు విల్లులాగా వంచి, పక్కకు పక్కకు ఎగురుతూ కుక్కుక్కుమని చప్పుడు చేసేవి. చూడటానికి కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చేవాళ్లు.

వాటిని పెంచి అమ్మిన బెంగళూరు ఆయన ఫోన్లో నాకు ముఖ్యంగా రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, వీటికి చెమట పట్టదు, వేడి తట్టుకోలేవు, ఎండాకాలం చల్లటి గది లేకపోతే ఒక్క మధ్యాహ్నం చాలు. రెండు, వీటి పేగు చాలా పొట్టి. తిన్నది కొన్ని గంటల్లో బయటికి పోతుంది. అందుకని మాంసం, గుడ్డు, లేదా మాంసంతో చేసిన పిల్లికూనల తిండి, అదీ రోజంతా అందుబాటులో ఉండాలి. అన్నం, పాలు, పండ్లు వాటి కడుపుకు ఎక్కవు.

ఏసీ మా యజమాని గదిలో మాత్రమే ఉండేది. పంజరాన్ని అక్కడ పెట్టాం. చేపల అన్న ఉడుక్కునేవాడు. "ముంగికి ఏసీ, మనకు ఫ్యాను. వచ్చే జన్మలో బెంగళూరు ముంగిగా పుట్టాలప్పా" అనేవాడు.

చలి తగ్గేసరికి ఒక్కటి మిగిలింది. ఎండలు ముదరకముందే దాన్ని పంపేయమని యజమాని రోజూ గుర్తుచేస్తున్నాడు. అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. అహోబిలంలో గుడి సేవ చేసే కుటుంబం, కాపురం ఆళ్లగడ్డలో. అందరూ స్వామీ అంటారు, నేనూ అలాగే అన్నాను. నుదుట నామం, భుజాన తుండు, చేతి ఫోన్లో కూతురు పంపిన ఫెర్రెట్ బొమ్మ.

"ఏమప్పా, ఇది మీ తావ ఉందంట. మా పాపకు కాలు విరిగి మంచంలో ఉంది. స్కూటీ మీద పోతా పడింది. పొద్దస్తమానం ఫోన్లో దీన్నే చూస్తాంది. కుక్కను నేను ఇంట్లోకి రానీను. ఇది ఎట్లాంటిది?"

"శానా మంచిది స్వామీ. కుక్క కాదు, పిల్లీ కాదు. మడికి అడ్డం రాదు."

"వంటింట్లో దూరదు కదా?"

"పంజరంలో పెట్టుకోండి. పిల్లి మాదిరి ఇంటింటికీ తిరిగేది కాదు."

"ఏం తింటాది?"

ఆయన ఇంట్లో ఉల్లిగడ్డ కూడా కోయరు. ఆ నామం చూసి మాంసం అన్న మాట నా నోట రాలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఇది: పిల్లికూనల తిండి ప్యాకెట్ కౌంటర్ మీదే ఉంది, దాని మీద కోడి బొమ్మ ఉంది. నేను దాన్ని మోచేత్తో కిందికి తోశాను.

"మీరేం పెడితే అది తింటాది స్వామీ" అన్నాను.

ఆయన సంతోషంగా పంజరం పట్టుకుని పోయాడు. చేపల అన్న తొట్టిలోంచి తడిచెయ్యి తీసి నా వైపు చూశాడు. "వాళ్లింట్లో దానికి కోడి ఎవురు కోస్తారప్పా? పూజారయ్యనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు ఫోనొచ్చింది. స్వామి కూతురు, ఏడుస్తూ.

"అన్నా, చచ్చిపోయింది! ఎత్తితే గుడ్డపేలిక మాదిరి వేలాడుతాంది. కదిలిస్తే కదల్లేదు."

"ఊపిరి ఆడతాందా చూడు పాపా."

"...ఆడతాంది."

"ముక్కు కాడ కొంచెం నెయ్యి పెట్టు."

అవతల ఎవరో గిన్నె తెచ్చిన చప్పుడు. తర్వాత ఏడుపులోనే నవ్వు. "ఆవలించిందన్నా! నా వేలు నాకుతాంది! అమ్మ దాని నోట్లో తులసి తీర్థం కూడా పోసేసింది, నారాయణా నారాయణా అని చెవిలో చెప్తాండె."

కొత్తగా పెంచేవాళ్లందరికీ ఈ భయం ఒకసారి తప్పదు. ఫెర్రెట్ రోజులో ఎక్కువ భాగం నిద్రే పోతుంది, అదీ చచ్చినట్టు. ముక్కు దగ్గర వాసన చూపించండి, లేస్తుంది. ఆ పూట నేను గొప్ప వైద్యుణ్ని అయిపోయాను. అమ్మాయి అదే గొంతుతో ఇంకో మాట అడిగింది.

"అన్నా, పెరుగన్నం సరిగా తినడం లేదు. వీడియోల్లో అందరూ మాంసం పెడతాండారు. ఇది కూడా అదే తింటుందా?"

"అవి ఫారిన్‌వి పాపా. మనవి పుట్టినప్పట్నుంచి పాలన్నం మీద పెరిగినవి. మెల్లగా అలవాటు పడతాది."

చెప్పకపోవడం అప్పటిదాకా చేసిన తప్పు. ఇది నేరుగా ఆడిన అబద్ధం. ఫోన్ పెట్టాక నాకే అది ఎంత సులభంగా వచ్చిందో అని ఆశ్చర్యం వేసింది.

గోళ్లు కత్తిరించడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. అమ్మాయి కాలు కట్టుతో కదల్లేదు. ఒక సెలవు రోజు నేనే ఆళ్లగడ్డ పోయాను. చిక్కి శల్యమైన జంతువును చూస్తానని దారంతా అనుకుంటూనే పోయాను. తీరా చూస్తే అది నిగనిగలాడుతోంది. మంచం కింద నుంచి వచ్చి నా చెప్పు లాక్కుని పోయింది. దానికి బెల్లం అని పేరు పెట్టారు. అమ్మాయి పక్కన పక్కింటి టీచరమ్మ కూర్చుని ఉంది. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది, చర్చికి పోయే కుటుంబం. కాలు విరిగినప్పటి నుంచి రోజూ బడి అయ్యాక వచ్చి, ఈ అమ్మాయి డిగ్రీ ఆఖరి పరీక్షలు పోకుండా చదివిస్తోంది. స్వామి భార్య ఆమెకు కాఫీ తెచ్చి ఇస్తూ, "మా పాపకు తల్లిని నేనైతే గురువు ఈమెప్పా" అని నాకు చెప్పింది.

గోళ్లు తీసి బయటికి వస్తుంటే టీచరమ్మ గేటు దాకా వచ్చింది.

"అన్నా, ఒక నిమిషం. దీన్ని అమ్మింది నువ్వేనా?"

"నేనే మేడమ్."

"ఇది ఏం తింటాదో నీకు తెలుసా?"

వెనక్కి చూశాను. ఎవరూ లేరు. "తెలుసు."

"తెలిసే అమ్మినావా?" ఆమె గొంతు పెంచలేదు. "గోడ కింద తూములోంచి రోజూ పొద్దున మా దొడ్లోకి వస్తాంది. మొదటి రోజు, మేం కోడి కోసిన తావున నేల నాకుతా కనిపించింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అట్లా ఉండె. చూడలేకపోయినా. అప్పట్నుంచి ఉడికిన కోడి, గుడ్డు పెడతాండా. తిని మళ్లీ తూములోంచి పోతాంది. ఈళ్లు తోటలో ఆడుకుంటాంది అనుకుంటాండారు."

ఇది కూడా తెలుసుకోండి. ఫెర్రెట్ తల పట్టే కంత ఉంటే ఒళ్లంతా పడుతుంది. ఇంటికి తెచ్చేముందు నేలబారున ప్రతి రంధ్రమూ చూసుకోవాలి. కానీ ఈ ఒక్క ఇంట్లో ఆ కంత వల్లే అది బతికింది.

"మంచి పని చేసినారు మేడమ్" అన్నాను.

"మంచి పనా? ఆళ్లకు తెలియకుండా వాళ్ల ఇంటి జంతువుకు నేను మాంసం పెట్టేది మంచి పనా? చెప్దామంటే నాకు నోరు రావడం లేదు. నేను చెప్తే అది వేరేగా ఉంటది. అమ్మినోడివి నువ్వు చెప్తే అది జంతువు సంగతి అయితాది. ఇప్పుడే లోపలికి పోయి చెప్పన్నా. నేను ఈడనే ఉంటా."

ఆమె ఎంత సరిగ్గా చెప్పిందో ఇప్పటికీ అనుకుంటాను. ఆ వీధిలో ఒక చర్చి కుటుంబం, ఒక గుడి కుటుంబం గోడకు గోడ ఆనించి అన్నేళ్లు మాట పడకుండా బతకడానికి ఎంత జాగ్రత్త కావాలో బయటివాళ్లకు తెలియదు. నేను అమ్మిన జంతువు ఆ జాగ్రత్త మధ్యలోంచి దూరింది.

"పాపకు పరీక్షలు కదా మేడమ్. ఇప్పుడు చెప్తే బాధపడుతుంది. అవి అయిపోనీ, నేనే వచ్చి చెప్తా."

"మాట?"

"మాట."

ఏప్రిల్‌లో టీచరమ్మకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ నంద్యాలలో పడింది. బంధువుల ఇంట్లో ఉండిపోయింది. తాను లేనప్పుడు దొడ్లోకి కుక్కలు వస్తాయి, బెల్లాన్ని పట్టుకుంటాయని భయపడి తూముకు రాయి అడ్డం పెట్టి పోయింది. పోయేముందు నాకు ఫోన్ చేసింది. "ఇంక ఆగేది లేదన్నా. చెప్పు" అంది. "రేపు చెప్తా" అన్నాను. ఆ రేపు అంగడికి ఏదో లోడు వచ్చింది. ఎల్లుండి ఇంకేదో. అవతల ఎండ మండిపోతోంది. వాళ్లింట్లో ఏసీ లేదు. వేడి సంగతి కూడా నేను చెప్పలేదని ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం టీచరమ్మ ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. అమ్మాయి మంచంలోంచి కేకేసింది. బెల్లం వెనక కాళ్లు ఈడుస్తోంది, నోరు తెరిచి రొప్పుతోంది. టీచరమ్మ ఇంక దాచలేదు. ఇంటికి పరుగెత్తి చికెన్ ఉడికించిన నీళ్లు గిన్నెలో తెచ్చి, స్వామి ఇంటి వరండాలోనే కూర్చుని, చెంచాతో దాని నోట్లో పోసింది. స్వామి భార్య ఆ వాసన చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఆటోలో అంగడికి వచ్చారు. స్వామి, టీచరమ్మ, ఆమె ఒడిలో తడి తువ్వాలులో బెల్లం. నేను వాళ్లను దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నిజాయితీ గల మనిషి.

"బర్రెను తీసుకురా, గొర్రెను తీసుకురా, చూస్తా. దీన్ని నేనెప్పుడూ చూడలేదప్పా" అన్నాడు. గ్లూకోజు ఎక్కిస్తూ నన్నే అడిగాడు. "నువ్వు పెంచినోడివి కదా, ఏం తింటాది ఇది?"

"అన్నీ తింటాది సార్" అన్నాను.

కొనేముందు మీ ఊళ్లో ఈ జంతువు తెలిసిన డాక్టరు ఉన్నాడా అని అడగమని నేను ఇప్పుడు అందరికీ చెబుతాను. లేకపోతే కొనొద్దంటాను. అది ఆ బల్ల మీద నేర్చుకున్నది. బెల్లం అక్కడే, టీచరమ్మ చేతి కింద, ఊపిరి ఆపేసింది.

స్వామి వంగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నాకు ఒకటే చెప్పప్పా. ఇన్నాళ్లు మా ఇంట్లో పెరుగన్నం తిని బాగుండె. ఈ పొద్దు ఈమె కోడినీళ్లు పోసింది, పాణం పోయింది. దానికేనా పోయింది?"

టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది. 'ఇతనికి తెలుసు, ఇతన్నే అడగండి' అని ఆమె అనొచ్చు. అనలేదు. మాట ఇచ్చాను కదా, నేనే చెబుతానని ఆగింది. ఆ చూపులో కోపం లేదు. నా కోసం చోటు వదిలిపెట్టినట్టు ఉంది.

"అలవాటు లేని తిండి కదా స్వామీ" అన్నాను. "పడకపోయి ఉండొచ్చు."

ఆమె "సరే" అంది. తడి తువ్వాలు మడిచింది. బయటికి నడిచి, వాళ్ల ఆటో ఎక్కకుండా బస్టాండు వైపు పోయింది.

కొన్ని రోజుల తర్వాత స్వామి ఖాళీ పంజరం తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఆయనే చెప్పాడు. టీచరమ్మ వాళ్లింటికి వచ్చి, మొదటి నుంచీ తానే తిండి పెడుతున్నానని ఒప్పుకుందట. "నమ్మి ఇంట్లోకి రానిస్తే ఇన్నాళ్లు మా కళ్లు కప్పి పడని కూడు పెట్టిందప్పా. తూముకు సిమెంటు పూసేసినా. రావద్దని చెప్పేసినా." చదివించేవాళ్లు లేక అమ్మాయి ఆ ఏడు పరీక్షలు రాయలేదు. నేను పంజరం అందుకుని లోపల పెట్టాను.

చేపల అన్న అంతా విన్నాడు. "కోడినీళ్లు పడక చచ్చిందని నువ్వు చెప్పింది నిజమేనా?"

"కాదు."

"మరి ఈడ నిలబడినావేందిరా? ఆళ్లగడ్డ బస్సు ఎక్కు."

ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఆయన నాతో టీ తాగడం మానేశాడు. అడగాల్సింది ఉంటే అడిగేవాడు, పని చూసుకునేవాడు. మరుసటి చలికాలం యజమాని మళ్లీ బెంగళూరు పోతానంటే, నేను వాటిని అమ్మనన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి గడివేముల దగ్గర మా పొలం చూసుకోవడానికి వచ్చేశాను. ఉద్యోగం వదిలితే ఆ సంగతీ వదులుతుందనుకున్నాను.

మొన్న వేసవికి ముందు ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. ఫెర్రెట్ కొంటున్నాడట. "అన్నా, మా ఇంట్లో మాంసం తినరు. ఏం కాదంట కదా? ఆళ్లగడ్డలో ఒక స్వామి ఇంట్లో పెరుగన్నంతోనే పెంచినారంట. ఎవరో టీచరు కోడి పెట్టి చంపేసిందంట."

నా అబద్ధం నాకంటే ముందు ఊళ్లు తిరుగుతోంది. దాన్ని నమ్మి ఇంకో జంతువు ఆకలితో చావబోతోంది. ఆ కుర్రవాడికి ఉన్నదున్నట్టు చెప్పాను. కొనడం మానేశాడు. మరుసటి పొద్దున ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను.

స్వామి నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. అమ్మాయి ఇప్పుడు నడుస్తోంది, కాస్త కుంటుతోంది. వరండాలో నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. కోడి బొమ్మ ఉన్న ప్యాకెట్ దగ్గర నుంచి డాక్టరు బల్ల దాకా, ఏదీ వదల్లేదు. దాన్ని చంపింది ఆకలి, ఎండ. రెండింటి సంగతీ నాకు తెలుసని చెప్పాను.

అమ్మాయే ముందు మాట్లాడింది. "నేను అడిగినా కదన్నా. ఫోన్లో అడిగినా."

"అడిగినావు పాపా."

స్వామి తుండుతో మొహం తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు ఆ పొద్దే చెప్పింటే ఏమయ్యేదప్పా? టీచరమ్మ తావనే దాని కూడు పెట్టిచ్చేవాళ్లం. ఆడ తినేది, ఈడ ఆడుకునేది. అంతే కదా? నేను ఆమాత్రం ఒప్పుకోననుకున్నావా?"

ఆయన ఒప్పుకోడని నేనే అనుకున్నాను, ఆయన తరఫున నేనే తీర్పు చెప్పేశాను. జంతువులు అమ్మే పనిలో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఉన్న సంగతి చెప్పండి. కొనాలా వద్దా, ఎట్లా పెంచుకోవాలా అన్నది వాళ్లు చూసుకుంటారు. మనం తక్కువగా అంచనా వేసిన మనుషులు మనకంటే పెద్ద మనసు వాళ్లు అయ్యుండొచ్చు.

స్వామి చెప్పులేసుకున్నాడు. "పద" అన్నాడు. అమ్మాయి అప్పటికే మెట్లు దిగుతోంది. స్వామి భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనకాలే వచ్చింది.

టీచరమ్మ బడికి బయల్దేరుతోంది, భుజాన సంచి ఉంది. గేటు అవతల మమ్మల్నందర్నీ ఒక్కసారిగా చూసి ఆగిపోయింది. ఎవరికేమైందో అన్నట్టు ముందు అమ్మాయి మొహం చూసింది, తర్వాత నన్ను.

దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"టీచరమ్మా, బెల్లాన్ని బతికిచ్చింది మీరు. చంపింది నేను. ఆ పొద్దు స్వామి అడిగినప్పుడు ఈ మాట చెప్తానని మీరు నా మొహం చూస్తా నిలబడినారు, నేను మీ మీదికి తోసేసినా. ఇప్పుడు వీళ్లందరి ముందర చెప్తాండా. తప్పు నాది. నన్ను మన్నించండి."